రంగు, వాసన, రుచి

ఫిబ్రవరి 3

ఇవాళ తాళాల పెద్దాయన నన్ను మెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు. ఆయన మెచ్చుకున్నాడంటే నెత్తిన ఏదో పని పెట్టబోతున్నాడని అర్థం.

మసీదు కమిటీకీ ఆయనే పెద్ద, మసీదుని ఆనుకుని ఉన్న మా బడికీ ఆయనే పెద్ద. గేటు తాళం, బీరువా తాళం, నీళ్ళ మోటారు గది తాళం అన్నీ ఒకే గుత్తికి తగిలించుకుని నడుము దగ్గర గలగలలాడించుకుంటూ తిరుగుతాడు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. వాళ్ళు పైకి అంటే చెవి మెలేస్తాను. ఇక్కడ నన్నెవరు చూడొచ్చారు. ఆయన ఎక్కడికో మీటింగుకి వెళ్ళొచ్చాడట. అక్కడి బళ్ళలో దీన్, ధర్మం పాఠాలతో పాటు నీళ్ళ గురించీ చెట్ల గురించీ చెత్త గురించీ కూడా చెబుతున్నారట. "మనమెందుకు వెనకబడాలి ఆపా? ఇది మీరైతేనే చెప్పగలరు" అన్నాడు. బడిలో చిన్నా పెద్దా అందరికీ నేను ఆపానే, అంటే అక్కనే.

సంతోషంగా ఉందని ఒప్పుకోవడానికి నామోషీ దేనికి? ఎన్నేళ్ళుగానో పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను. చిలకల్లా ఒప్పజెబుతారు, గేటు దాటగానే మర్చిపోతారు. ఇది అలా కాదు. చేతులతో చేసే పాఠం.

భోజనాల దగ్గర మావారికి చెప్పాను. "మంచిదే" అన్నారు, గోళ్ళలో ఇరుక్కున్న నీలం రంగుని పుల్లతో తీసుకుంటూ. మా షెడ్డులో కొత్త జీన్స్ ప్యాంట్లని రాళ్ళూ మందులూ వేసి ఉతికి, ఉతికి, పాతవాటిలా తయారుచేస్తారు. కొత్త బట్టని పాతబట్ట చేయడానికి అంత చాకిరీ ఏమిటో పెళ్ళయిన కొత్తలోనూ నాకు అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. కానీ మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేది ఆ షెడ్డే.

ఫిబ్రవరి 6

మొదటి పాఠం. భూమి మన సొంతం కాదు, మన దగ్గర అమానతుగా పెట్టింది అని చెప్పాను. అందరూ గుడ్లప్పగించి చూశారు. సరే, కిందికి దిగాను. "పక్కింటావిడ ఊరెళుతూ తన మంచి గిన్నె మనింట్లో దాచిపెట్టమని ఇచ్చింది. అందులో మన ఇష్టమొచ్చినట్టు వండి, అడుగు మాడ్చి, ఆవిడ రాగానే చేతిలో పెడతామా?" అన్నాను. "పెట్టం ఆపా" అని గదంతా ఒకటే అరుపు.

ప్రశ్నల పుట్ట మాత్రం లేచి నిలబడింది. కుట్టుపని చేసుకునే ఆవిడ కూతురు, మొదటి వరసలో గోడవైపు కూర్చుంటుంది. "మాడ్చింది మనం కాదు ఆపా, మన ఇంట్లో వేరేవాళ్ళు మాడ్చారు. అప్పుడు ఎవరు చెప్పాలి ఆవిడకి?"

ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే. పాఠం ఒక మెట్టు ఉంటే తను రెండు మెట్లు పైన కూర్చుంటుంది. "గిన్నె ఎవరి చేతికిచ్చారో వాళ్ళే చెప్పాలి" అన్నాను. తల ఊపి కూర్చుంది. పైకి విసుక్కుంటాను గానీ, ఈ పిల్ల రాని రోజు క్లాసు ఉప్పులేని కూరలా ఉంటుంది.

ఫిబ్రవరి 13

పారే ఏటి ఒడ్డున కూర్చున్నా నమాజుకి ముందు చేసే వుజూకి నీళ్ళు దుబారా చేయొద్దన్న ప్రవక్త మాట చెప్పాను. ఆ తర్వాత ఒక్కొక్కరి చేతికీ ఒక మగ్గు ఇచ్చాను. చేతులు, నోరు, ముక్కు, మొహం, మోచేతుల దాకా, తల, కాళ్ళు. అన్నీ ఆ ఒక్క మగ్గుతోనే. మొదట్లో ముక్కు దాకా రాగానే మగ్గు ఖాళీ అయిపోయింది. నాలుగో రోజుకి అందరికీ కుదిరింది. మిగిలిన నీళ్ళు కూడా కొందరు చూపించారు, పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చినంత గర్వంగా.

ఇక మసీదులో వీళ్ళ పెత్తనం మొదలైంది. ట్యాప్ ఎవరు ఎక్కువ తిప్పినా పక్కనే నిలబడి తదేకంగా చూస్తారట. ఇవాళ తాళాల పెద్దాయన ఒక కాలు కడుక్కుని రెండో కాలు చాపేలోపు ఎవడో వెనకనుంచి వచ్చి ట్యాప్ కట్టేశాడు. ఆయన ఒంటికాలి మీద ఊగుతూ "ఎవడ్రా అది?" అంటే, "ఆపా చెప్పారు" అన్నాడట. అత్తమ్మ ఈ కథ విని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "నీ శిష్యులు రేపు నన్ను కూడా స్నానం మధ్యలో లేపేస్తారే అమ్మాయ్" అంది.

ఇంత హాయిగా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో.

ఫిబ్రవరి 20

ఏ నీళ్ళతో వుజూ చెల్లుతుందో చెప్పాను. ఇది కొత్త పాఠమేం కాదు, ఏటా చెప్పేదే. నీళ్ళలో మలినం కలిసి రంగు గానీ వాసన గానీ రుచి గానీ మారితే వుజూకి పనికిరావు. వాడదగ్గ నీళ్ళు దొరక్కపోతే, లేదా జబ్బుతో ఒంటికి నీళ్ళు తగలకూడదంటే, శుభ్రమైన మట్టి మీద చేతులు ఆనించి మొహం, చేతులు తుడుచుకుంటే చాలు, అది తయమ్ముమ్. బోర్డు మీద రాశాను. రంగు, వాసన, రుచి. కింద గీత గీశాను.

ఏటా చెప్పే పాఠం పక్కన ఈ కొత్త పాఠం పెట్టేసరికి రెండూ ఒకటే అనిపించాయి. పిల్లలకీ అనిపించినట్టుంది.

ఫిబ్రవరి 27

పిల్లల్ని మా షెడ్డు చూపించడానికి తీసుకెళ్ళాను. ఆలోచన నాదే. వీధిలో మిగతా షెడ్లవాళ్ళు రంగునీళ్ళు కాలువలోకి వదిలేస్తారు. కిందటేడు వీధి వాళ్ళంతా పెద్ద గొడవ చేశారు. ఆ తర్వాత మావారు ఏదో ఏర్పాటు చేశారు. ఇప్పుడు మా గేటు బయట చుక్క తడి కనబడదు. మంచి పని ఎలా ఉంటుందో కళ్ళారా చూపిద్దామనుకున్నాను. మా ఇంటి గొప్ప నలుగురికీ చెప్పుకోవాలనే ఉబలాటం కూడా ఉంది, అది వేరే సంగతి.

మావారు ఉతికే డ్రమ్ములు తిప్పి చూపించారు. అందరికీ బిస్కెట్లు పెట్టారు. పిల్లలు తేలిక రాళ్ళు చేతుల్లోకి తీసుకుని చూశారు. ప్రశ్నల పుట్ట బిస్కెట్టు తినకుండా డ్రమ్ముల వెనక పైపుని చూస్తూ నడిచింది. పైపు పెరటి గోడ దగ్గర రేకు మూతలోకి వెళ్ళి ఆగింది.

"ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి?" అంది.

"భూమి తాగేస్తుంది బేటా" అన్నారు మావారు.

"తాగాక?"

మావారు నవ్వి నా వైపు చూశారు. "మీ ఆపాని అడుగు. టీచరమ్మ కదా."

"ఇసుకా మట్టీ వడగడతాయి" అన్నాను. ఎక్కడో విన్నదే. పిల్లలు తలలూపారు. తిరిగి వస్తుంటే ఆ పిల్ల గోడ అవతల చూసింది. గోడ అవతలే మా బడి బోరు. మసీదుకీ అవే నీళ్ళు.

ఫిబ్రవరి 28

వడగడతాయి. కచ్చితంగా వడగడతాయి.

మార్చి 5

బడి ట్యాప్ నీళ్ళు కొద్దిగా వాసన వేస్తున్నాయని ఇద్దరు ముగ్గురు పిల్లలు అన్నారు. ట్యాంకు కడిగి ఉంటారు, ఆ పౌడరు వాసన అయ్యుంటుంది. తాళాల పెద్దాయనని అడిగితే ట్యాంకు కడిగించి చాలా నెలలైందన్నాడు. మరి నిలవ నీళ్ళ వాసన అయ్యుంటుంది.

మార్చి 9

ఆడపిల్లలు వుజూకి చొక్కా చేతులు పైకి మడుచుకుంటుంటే చూశాను. ప్రశ్నల పుట్ట చేతులకి దద్దుర్లు. వేళ్ళ నుంచి మోచేతి దాకా. మోచేతి పైన గీత గీసినట్టు ఆగిపోయాయి. పైన చర్మం మామూలుగా ఉంది. కాళ్ళు చూశాను. చీలమండల దాకా, అంతే. పక్కనున్న పిల్లని చూపించమన్నాను. అదే. ఆ పక్క పిల్ల మొహం మీద కూడా ఉన్నాయి.

వుజూ నీళ్ళు తగిలేంత మేరే.

"ఎండాకాలం వస్తోంది కదా, చెమటకాయలు" అన్నాను. ఎవరూ అడక్కుండానే అన్నాను.

నా మోచేతుల దగ్గర కూడా దురదగా ఉంది. నాకూ చెమటకాయలే.

మార్చి 11

ఇవాళ జరిగింది రాయడానికే చేతులు రావడం లేదు.

మధ్యాహ్నం నమాజు వేళకి వుజూ కోసం ట్యాపుల దగ్గర ఒక్క పిల్లా లేదు. ఎక్కడున్నారా అని చూస్తే వరండా చివర బారుగా కూర్చున్నారు. ప్రశ్నల పుట్ట మధ్యలో ఒక రేకు డబ్బా పెట్టింది. మూత తీసి ఉంది. లోపల మెత్తని ఎర్రమట్టి. ఒక్కొక్కరూ వచ్చి అరచేతులు ఆనించి, దులుపుకుని, మొహం తుడుచుకుంటున్నారు. మాట లేదు, అల్లరి లేదు. ఇంత పద్ధతిగా వాళ్ళు నా పాఠం ఒక్కటైనా చేయడం నేను చూడలేదు.

"ఏమిటిది?" అన్నాను.

ఆ పిల్ల లేచి తెల్లటి గుడ్డ చూపించింది. వాళ్ళ అమ్మ ఇచ్చిన కొత్త తెల్లగుడ్డ ముక్క, రాత్రంతా ట్యాపుకి కట్టి ఉంచిందట. లేత నీలంగా మారింది. "రంగు మారింది ఆపా. వాసన కూడా వస్తోంది. మీరే చెప్పారు కదా, అలాంటి నీళ్ళు పనికిరావని. మట్టి మా అమ్మ పుట్టింట్లో, నానీ వాళ్ళ పెరట్లోది. శుభ్రంగా జల్లెడ పట్టాను."

ఆ పిల్ల మొహంలో భయం లేదు. శభాష్ అంటానని ఎదురుచూస్తోంది.

ఈలోగా మసీదులోంచి పెద్దవాళ్ళు బయటికొచ్చారు. వరండాలో పిల్లలందరూ మట్టి పూసుకుని కూర్చుంటే చూడనివాడెవడు? తాళాల పెద్దాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "అంటే ఏంటి? ఈ నీళ్ళతో వుజూ చేసిన మా నమాజులన్నీ చెల్లలేదనా?" అన్నాడు. ఆ మాటతో మిగతావాళ్ళకీ వెలిగింది. ఎన్నాళ్ళుగా నీళ్ళు ఇలా ఉన్నాయి, ఎన్ని నమాజులు పోయినట్టు అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చేతుల మీది దద్దుర్లు మాత్రం ఒక్కరూ చూడలేదు.

"ఎవరు నేర్పారు మీకిది?" అని పెద్దాయన గద్దించాడు.

"ఆపా" అన్నారు పిల్లలందరూ, ఒక్క గొంతుతో.

మార్చి 12

మావారిని అడిగేశాను. అత్తమ్మ పక్కింటికి వెళ్ళినప్పుడు, వంటింట్లో నిలబెట్టి.

"ఆ రేకు మూత కింద ఏముంది?"

"పాత బోరు. ఎండిపోయింది కదా, ఊరికే పడి ఉంది."

"రంగునీళ్ళన్నీ అందులోకేనా?"

"మరి నెత్తిన పోసుకోనా? కాలువలో వదిలితే వీధంతా కొట్టడానికొచ్చారు. కనబడకుండా చేస్తే అదే వీధి నన్ను మెచ్చుకుంది. నువ్వూ మెచ్చుకున్నావు. పిల్లల్ని తీసుకొచ్చి మరీ చూపించావు."

"గోడ అవతల బడి బోరు ఉంది."

"తెలుసు."

ఎంత తేలిగ్గా అన్నారో. నేను స్టవ్ కట్టేశాను, మళ్ళీ వెలిగించాను. ఏం చేస్తున్నానో నాకే తెలీలేదు.

"ఆపేయండి" అన్నాను.

"ఆపితే ఆ నీళ్ళు ఎక్కడ పోయాలో చెప్పు. శుద్ధి చేసే మిషన్ పెట్టే తాహతు మనకుందా? షెడ్డు మూయాల్సిందే. పనివాళ్ళని నువ్వు చూసి పంపిస్తావా? అమ్మ మందులు, ఈ ఇల్లు, అన్నీ ఆ షెడ్డులోంచే వస్తున్నాయని మర్చిపోకు. బళ్ళో నువ్వు బోర్డు మీద రాసేది మనకి అన్నం పెట్టదు." ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించారు. "నేనేమన్నా కావాలని చేశానా? వేరే దారి చూస్తున్నాను. కొన్నాళ్ళు ఓపిక పట్టు."

కొన్నాళ్ళు అన్నారు. ఓపిక పట్టమన్నారు. అంతమాత్రం పట్టలేనా?

నాకు ముందే తెలుసా? తెలీదు. పైపు చూశాను, మూత చూశాను, గోడ చూశాను. అయినా తెలీదు.

మార్చి 13

రేపు ఇమాం గారిని కలిసి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

మార్చి 14

ఇవాళ వీలు కాలేదు. అత్తమ్మకి ఒంట్లో బాగాలేదు. ఊరికే తలనొప్పే, అయినా మనిషిని వదిలి ఎలా వెళ్ళను.

మార్చి 15

నేను వెళ్ళక్కర్లేకపోయింది. వాళ్ళే పిలిచారు.

కమిటీ గదిలో పెద్దవాళ్ళంతా కూర్చున్నారు. మావారు కూడా ఉన్నారు, చివరి కుర్చీలో. నేను తలుపు పక్కన కూర్చున్నాను. ఇమాం గారు పెద్దవారు, చూపు బాగా తగ్గింది. ముక్కుకి ఏడాది పొడవునా జలుబే. ఆ మాట ఆయనే నవ్వుతూ అన్నారు. "నా కళ్ళకి అన్ని నీళ్ళూ ఒకటే రంగు. చూసినవాళ్ళ మాట మీదే నేను తేల్చాలి."

తర్వాత విడమరిచి చెప్పారు. మురుగు కలిస్తే నీళ్ళు పనికిరావు. నీళ్ళు వచ్చే దారిలో ఉండే తుప్పో పాచో అయితే రంగు మారినా ఫర్వాలేదు, వుజూ చెల్లుతుంది. రంగులూ మందులూ కలిశాయంటే మాత్రం ఆయన ఒక్కరూ తేల్చలేరు. ట్యాంకు మూసేసి, నీళ్ళు పరీక్షకి పంపి, ఎక్కడ్నుంచి వస్తున్నాయో వెతికించాలి. "పిల్లల ఒంటి మీదికి వచ్చిందంటున్నారు. అశ్రద్ధ చేయకూడదు" అన్నారు. ఆ గదిలో పిల్లల ఒంటి మాట ఎత్తింది ఆయనొక్కరే.

ఇదంతా నాకు తెలియనిది కాదు. ఏటా చెప్పే పాఠమే. ఏ మాటకి ఏ తీర్పు వస్తుందో ఆయన నోరు తెరవకముందే తెలుసు. నా చదువంతా అందుకే పనికొచ్చింది.

"అమ్మా, రోజూ పిల్లలతో ఆ ట్యాపుల దగ్గర, పైపుల దగ్గర ఉండేది మీరే. ఏం కలిసింది నీళ్ళలో?" అని అడిగారు.

మావారు నేలచూపులు చూస్తున్నారు. చేతులు రెండూ పిడికిళ్ళు బిగించుకున్నారు, గోళ్ళు కనబడకుండా. నాకు కోపం రావాలి. జాలేసింది. అదే నా కొంప ముంచింది.

"తుప్పు హజ్రత్" అన్నాను. "పైపుల తుప్పు."

"తుప్పేనా? బాగా చూశారా?"

"చూశాను."

"అయితే సరే. ఎన్నేళ్ళుగానో పిల్లలకి నిజం చెప్పమని నేర్పే మనిషి మీరు. మీ మాట చాలు." నీళ్ళు శుభ్రమే, వుజూ చెల్లుతుంది, ఎవరి నమాజూ పోలేదు అని తేల్చేశారు. గది మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. తాళాల పెద్దాయన తాళాలు కూడా గలగలలాడాయి. "పిల్లలకి మీ నోటితోనే చెప్పండి ఆపా. నిప్పంటించింది మీరే, ఆర్పాల్సిందీ మీరే" అన్నాడు.

దారిలో మావారు నా సంచీ అందుకున్నారు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

మార్చి 17

చెప్పాను.

"పెద్దలు తేల్చారు. అది తుప్పు. తుప్పుతో రంగు మారితే దోషం లేదు. రేపట్నుంచి అందరూ ట్యాప్ నీళ్ళతోనే వుజూ చేయాలి."

ప్రశ్నల పుట్ట లేచింది. లేస్తుందని తెలుసు. రాత్రంతా ఆ పిల్లకి జవాబులు తయారుచేసుకుంటూనే పడుకున్నాను.

"తుప్పు ఎర్రగా ఉంటుంది కదా ఆపా?"

"ఇనుముదైతే ఎర్రగా ఉంటుంది. రాగి తుప్పు నీలంగా, పచ్చగా ఉంటుంది." అబద్ధం కాదు. అక్షరాలా నిజం.

ఆ పిల్ల ఆలోచించింది. "మన పైపులు ప్లాస్టిక్‌వి కదా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద మండింది. చేసినవాడి మీద కాదు, చెప్పనిదాని మీద కాదు, అడిగినదాని మీద. "పెద్దలు తేల్చాక ఎదురు మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నావు? మీ ఇంట్లో అదబూ మర్యాదా నేర్పలేదా? నీ వల్ల ఎంతమంది నమాజు మీద అనుమానం వచ్చిందో తెలుసా? ఆ పాపం ఎవరిది?" అన్నాను. ఇంకా ఏవో అన్నాను. వాళ్ళ అమ్మ పెంపకం గురించి కూడా అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. "మీరు చేసి చూపించండి ఆపా. మిమ్మల్ని చూసి చేస్తాను" అంది. ఎగతాళి కాదు. మగ్గు పాఠం మొదలుపెట్టిన రోజు తను అన్నది కూడా ఇదే మాట.

ట్యాపుల దగ్గరికి వెళ్ళాం. మగ్గు నింపాను. పిల్లలంతా చుట్టూ నిలబడ్డారు. చేతులు కడిగాను. మంట పుట్టింది. నోట్లో నీళ్ళు పోసుకున్నాను.

నాలుక మీద చేదు, వెనకాల ఏదో ఇనుప వాసన లాంటిది. పుక్కిలించి ఊశాను. మళ్ళీ పోసుకున్నాను. మూడుసార్లూ చేశాను.

"రుచి మారిందా ఆపా?"

"మారలేదు."

నా కళ్ళలోకి చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత మగ్గు అందుకుని, మోచేతుల దాకా చొక్కా చేతులు మడుచుకుని, నేను చేసినట్టే నోట్లో నీళ్ళు పోసుకుంది. మొహంలో ఏమీ మారలేదు. ఆ పిల్ల వెనక మిగతావాళ్ళు బారులు తీరారు. ఒక్కొక్కరూ మగ్గుతోనే, ఒక్క చుక్క వృథా కాకుండా. నేనే నేర్పాను కదా.

మార్చి 18

తల నొప్పిగా ఉంది.

మార్చి 19

ఎవరూ చనిపోలేదు. చర్మం మీద దద్దుర్లే కదా. మందు రాస్తే పోతాయి.

మార్చి 20

ఇమాం గారికి చెప్పాలి. వచ్చే వారం.

మార్చి 26

మనసులో పెట్టుకుంటే పేలిపోతాను, అందుకని రాస్తున్నాను.

కమిటీ నన్ను మళ్ళీ మెచ్చుకుంది. వేరే బళ్ళ టీచర్లకి ఈ పాఠం ఎలా చెప్పాలో నేను వెళ్ళి చెప్పి రావాలట. "మన ఆపా ఉండబట్టే పిల్లలు దారిలో పడ్డారు" అని తాళాల పెద్దాయన నలుగురిలో అన్నాడు. అవును, దారిలో పడ్డారు. క్లాసులో ఎవరూ ఏమీ అడగడం లేదు. నీళ్ళు అమానతు అంటే అమానతు అని రాసుకుంటున్నారు. ప్రశ్నల పుట్ట వెనక వరసలోకి మారింది. చెప్పింది చెప్పినట్టు ఒప్పజెబుతోంది, చిలకలా. అలా ఒప్పజెప్పేవాళ్ళంటే నాకు ఒకప్పుడు ఎంత చిరాకో.

ఇవాళ బడి వదిలాక నా బల్ల దగ్గరికి వచ్చింది. రేకు డబ్బా బల్ల మీద పెట్టింది. "నాకిక అక్కర్లేదు ఆపా. నీళ్ళు బాగానే ఉన్నాయని మీరు చెప్పారు కదా" అంది. చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని గుండీలు పెట్టుకుంది, ఇంత ఎండలో. నేను చేతులు చూపించమని అడగలేదు.

ఇంటికొస్తే గుమ్మంలో నీళ్ళ క్యాన్లు. మావారు తెప్పించారు, ఇంట్లో తాగడానికీ వంటకీ. "ఎందుకైనా మంచిది" అన్నారు. నా వైపు చూడకుండానే అన్నారు. మా ఇంటి బోరు షెడ్డుకి ఇంకా దగ్గర. అది ఆయనకి గుర్తుంది. వేరే దారి చూస్తానన్న మాట గుర్తున్నట్టు లేదు. పెరటి వైపు డ్రమ్ములు తిరుగుతూనే ఉన్నాయి. కొన్నాళ్ళు ఓపిక పట్టమన్నారు కదా, పడుతున్నాను.

సాయంత్రం నమాజుకి క్యాన్ నీళ్ళు మగ్గులోకి వంచబోయాను. అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. "తాగే నీళ్ళతో వుజూ ఏమిటే అమ్మాయ్? దుబారా కాదూ? పిల్లలకి చెప్పేది నువ్వే కదా" అంది. పాపం, ఆవిడకేం తెలుసు. నవ్వుతూనే అంది.

మగ్గు వంచినదాన్ని వంచినట్టే పక్కన పెట్టేశాను. ట్యాప్ నీళ్ళతోనే చేశాను. నమాజులో ఏం చదివానో ఒక్క ముక్క గుర్తు లేదు.

మార్చి 27

తెల్లవారుజామున లేచాను. ఇంట్లో ఎవరూ లేవలేదు. వుజూకి పెరట్లోకి వెళ్ళి ట్యాప్ తిప్పాను. మగ్గులో నీళ్ళు చూశాను. వాసన చూశాను. రుచి చూడాల్సిన అవసరం లేదు, ఇంకా నాలుక మీదే ఉంది.

ట్యాప్ సరిగ్గా కట్టకుండానే లోపలికి వచ్చేశాను. ఎవరూ చూడకుండా గది తలుపు గడియ పెట్టాను. నిన్న బడి నుంచి తెచ్చి బీరువా కింద దాచిన ఆ పిల్ల డబ్బా బయటికి తీశాను.

నీళ్ళు దొరకని వాళ్ళకి, జబ్బుతో నీళ్ళు తగలకూడని వాళ్ళకే తయమ్ముమ్. ఆ మాట పిల్లలకి నేనే చెప్పాను. నాకు జబ్బు లేదు, ఇవి చెమటకాయలని నేనే అన్నాను. నీళ్ళు లేవా అంటే, పెరట్లో ట్యాప్ కారుతున్న చప్పుడు ఈ గదిలోకి వినబడుతోంది. బడిలో పిల్లలు ఇవాళ కూడా ఇలాంటి నీళ్ళే నోట్లో పోసుకుంటారు.

మూత తీశాను. మట్టి మెత్తగా ఉంది, ఒక్క రాయి లేదు, ఒక్క పుల్ల లేదు. ఎంత శ్రద్ధగా జల్లెడ పట్టిందో. రెండు చేతులూ దాని మీద ఆనించాను.